గురుస్వాములకు ఒక విన్నపం: మాల వేసే ముందు పాదాలు చూడండి

గోదావరి జిల్లాల అయ్యప్ప పీఠాల గురుస్వాములకు, ఆలయ కమిటీల పెద్దలకు స్వామి శరణం.

కార్తీకం దగ్గర పడుతోంది. ఇంకొన్నాళ్ళలో రావులపాలెం నుంచి నరసాపురం దాకా ఏ ఊరు చూసినా నల్లబట్టలే కనిపిస్తాయి. ద్వారపూడి గుడి దగ్గర మాల వేయించుకునేవాళ్ళ వరస పెరుగుతుంది. ఆ వరసలో నిలబడే స్వాముల్లో షుగరున్నవాళ్ళ గురించి మీతో మాట్లాడాలని ఈ ఉత్తరం రాస్తున్నాను. ఇలాంటివి డాక్టర్లకో, కలెక్టరు గారికో రాయాలి కదా అంటారేమో. దీక్షలో ఉన్న మనిషిని చెప్పులేసుకోమని డాక్టరు చెబితే తల ఊపి బయటికొచ్చేస్తాడు. మీరు చెబితే వింటాడు. అందుకే మీకు రాస్తున్నాను.

నేను సర్జికల్ వార్డులో స్టాఫ్ నర్సుగా పనిచేసి రిటైరయ్యాను. మా ఆయన ఏటా మాల వేస్తారు. అందుచేత నేను పాదాలను రెండు చోట్ల చూశాను. ఒకటి డ్రెస్సింగ్ గది, రెండోది మా ఇంటి అరుగు. భిక్షకొచ్చిన స్వాముల కాళ్ళు మా ఆయన కడుగుతుంటే నీళ్ళు పోసేది నేనే.

ఒక ఏడు అలా కడుగుతుండగా మా ఆయన వేలికి ఏదో గీసుకుంది. చూస్తే ఒక పెద్ద స్వామి మడమ పక్కన తుమ్మముల్లు విరిగి, లోపలికి దిగి ఉంది. ఆయన దాని మీదే మా ఇంటి దాకా నడిచొచ్చారు. "ఎప్పుడు దిగిందో ఏమోనమ్మా, నాకేం తెలీలేదు" అని నవ్వేశారు. అక్కడున్నవాళ్ళంతా స్వామి మహిమ అని దణ్ణం పెట్టుకున్నారు. నాకు మాత్రం గుండె గుభేలుమంది. షుగరుందా అని అడిగితే పదేళ్ళ పైనుంచీ ఉందన్నారు.

"కల్లుం ముల్లుం కాలికి మెత్తై" అని శరణుఘోషలో మనం గొంతెత్తి అంటాం. నొప్పి తెలిసిన మనిషి దాన్ని ఓర్చుకుని నడిస్తే అది భక్తి. అసలు నొప్పే తెలియని పాదానికి రాయీ ముల్లూ నిజంగానే మెత్తగా ఉంటాయి. దాన్ని మహిమ అనుకోవడంతోనే ప్రమాదం మొదలవుతుంది.

షుగరు ఏళ్ళ తరబడి ఎక్కువగా ఉంటే నరాలు దెబ్బతింటాయి. ముందు దెబ్బతినేవి పొడుగైన నరాలు, అంటే కాలివేళ్ళ చివరల దాకా వెళ్ళేవి. అక్కడ మొదలై మేజోడు తొడిగినట్టుగా పైకి పాకుతుంది. తొలిరోజుల్లో రాత్రిపూట అరికాళ్ళ మంటలు, తిమ్మిర్లు, చీమలు పాకినట్టు, సూదులు గుచ్చినట్టు ఉంటుంది. దుప్పటి తగిలినా ఓర్చుకోలేనివాళ్ళున్నారు. కొన్నాళ్ళకు మంటలు వాటంతటవే తగ్గుతాయి. మందు పనిచేసిందనో, నాటువైద్యం పట్టిందనో సంబరపడతారు. చాలాసార్లు జరిగేది వేరు. మంటను చెప్పడానికి కూడా నరంలో శక్తి మిగలదు. ఆ తర్వాత దూది మీద నడిచినట్టు ఉంటుంది. చెప్పు జారి వెనక పడిపోయినా తెలియదు. మంటలున్న కాలిని చూసి అందరూ భయపడతారు గానీ, మంటలు పోయిన కాలిని చూసి నేను ఎక్కువ భయపడతాను.

చెమట పట్టించే నరాలు కూడా పాడవుతాయి కాబట్టి చర్మం ఎండిపోయి మడమలు పగుళ్ళిస్తాయి. పాదంలో చిన్న కండరాలు బలహీనపడి వేళ్ళు వంకర తిరుగుతాయి. అప్పుడు ఒంటి బరువంతా ఒకట్రెండు చోట్లే పడి అక్కడ ఆనెకాయలు కడతాయి. ఆనెకాయ అంటే మన పల్లెల్లో ఎవరూ లెక్కచేయరు. బ్లేడుతో చెక్కేస్తారు, లేకపోతే కొట్లో దొరికే పట్టీ అంటిస్తారు. షుగరున్న కాలికి ఆ రెండూ ప్రమాదమే. పట్టీలో ఉండే మందు పక్కనున్న మంచి చర్మాన్ని కూడా కాల్చేస్తుంది. ఆనెకాయ లోపల నల్లగానో ఎర్రగానో మరక కనిపిస్తే కింద అప్పటికే పుండు తయారైందని అర్థం.

ఇవన్నీ నరాలకు సంబంధించినవి. రక్తనాళాలు పూడుకుపోతే పాదం చల్లబడుతుంది. చర్మం పలచబడి మెరుస్తుంది, పిక్కల మీద వెంట్రుకలు రాలిపోతాయి. కాస్త దూరం నడవగానే పిక్క పట్టేస్తుంది, నిలబడితే తగ్గుతుంది. నరమూ రక్తమూ రెండూ చెడ్డ కాలికి గాయమైతే మానడం చాలా కష్టం. ఇంకొకటి ఉంది, దాన్ని చదువుకున్నవాళ్ళు కూడా పోల్చుకోలేరు. గాయం లేకుండానే ఒక పాదం ఎర్రగా, వేడిగా వాచిపోతుంది. నొప్పి పెద్దగా ఉండదు. బెణికిందనుకుని నూనె రాసి నడుస్తూనే ఉంటారు. లోపల ఎముకలు విరిగి, కీళ్ళు చెదిరిపోతుంటాయి. మొదట్లో ఎక్స్‌రేలో కూడా కనిపించకపోవచ్చు. ఆ కాలి మీద అడుగు పెట్టకుండా ఉండటమే దానికి వైద్యం. దీక్షలో ఉన్నా సరే, ఆ స్వామిని నడవనివ్వకండి.

మన దేశంలో 10 కోట్ల పైచిలుకు మందికి షుగరుందని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) పెద్ద సర్వే 2023లో చెప్పింది. ఇంకో 13 కోట్ల 60 లక్షల మంది షుగరు వచ్చే గట్టు మీద ఉన్నారంది. షుగరున్నవాళ్ళలో నూటికి 19 నుంచి 34 మందికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు పాదానికి పుండు పడుతుందని అంతర్జాతీయ అంచనా. షుగరు వల్ల కాలు తీసేయాల్సి వచ్చినవాళ్ళలో నూటికి దాదాపు 85 మందికి అది ముందు పుండుగానే మొదలవుతుంది. వార్డులో మాకు ఈ లెక్కలు అక్కర్లేదు, డ్రెస్సింగ్ ట్రాలీ తోసుకెళ్తే చాలు, తెలిసిపోతుంది. కాలు తీసేశాక ఆ మనుషులు చాలామంది మునుపటి ఆయుష్షుతో ఉండరు. పెద్ద ఆపరేషన్ అయినవాళ్ళలో సగం మందికి పైగా అయిదేళ్ళలోపే చనిపోతున్నారు.

షుగరుందని తెలియనివాళ్ళ సంగతి ఇంకా ఇబ్బంది. అతిగా దాహం, మాటిమాటికి మూత్రం, తింటున్నా బరువు తగ్గడం, నీరసం, చూపు మసకబారడం, మర్మస్థానంలో దురద, గాయాలు త్వరగా మానకపోవడం ఉంటే అనుమానించాలి. ఇవేవీ లేకుండా కూడా షుగరు ఏళ్ళ తరబడి దాక్కుని ఉంటుంది. కాలికి పుండు పడి ఆసుపత్రికొచ్చాకే షుగరు బయటపడినవాళ్ళకు నేనే డ్రెస్సింగ్ చేశాను. అందుకని ముప్పై దాటిన ప్రతి స్వామినీ మాలధారణకు ముందు ఒకసారి రక్తపరీక్ష చేయించుకు రమ్మనండి. ఊళ్ళో హెల్త్ క్లినిక్‌లో ఏఎన్ఎం చేస్తారు. పరగడుపున 126 గానీ, మూడు నెలల సగటు చూపే హెచ్‌బీఏ1సీ 6.5 గానీ, అంతకు పైన వస్తే డాక్టరు దగ్గరికి వెళ్ళి తేల్చుకోవాల్సిందే.

ఇక మీరు స్వయంగా చేయగలిగే పరీక్ష ఒకటుంది. పాదాల స్పర్శ చూడటానికి ఆసుపత్రుల్లో పది గ్రాముల ఒత్తిడికి వంగే నైలాన్ దారం వాడతారు. అది అన్నిచోట్లా ఉండదు. అందుకని ఇంగ్లండులో ఇప్స్‌విచ్ అనే ఊళ్ళోని డాక్టర్లు చేతివేలితో చేసే పద్ధతి ఒకటి పెట్టారు. స్వామిని కళ్ళు మూసుకోమనాలి. మీ చూపుడువేలి కొసతో ఆయన బొటనవేలు, మధ్యవేలు, చిటికెనవేలు, ఇలా రెండు కాళ్ళవీ కలిపి ఆరు వేళ్ళ చివరలను ఒక్కొక్కటే తాకాలి. ఒకటి రెండు సెకన్లు, తేలిగ్గా. నొక్కకూడదు, గోకకూడదు, నిమరకూడదు. తాకినప్పుడల్లా ఏ కాలో చెప్పమనాలి. ఒకసారి చెప్పలేకపోతే అదే వేలిని మళ్ళీ మళ్ళీ తాకి చెప్పించకూడదు. ఆరింటిలో రెండు గానీ అంతకన్నా ఎక్కువ గానీ తెలియకపోతే పాదాల్లో స్పర్శ తగ్గిందని లెక్క. ఒక్కో మనిషికి రెండు నిమిషాలు కూడా పట్టదు. మాలలో చిన్నా పెద్దా లేకుండా ఒకరి పాదాలకు ఒకరం దణ్ణం పెట్టుకుంటాం కదా, పాదం తాకడం మనకు కొత్తేమీ కాదు. ఆ చేత్తోనే ఇదీ చేయండి. తాకేటప్పుడు వేళ్ళ సందులు, మడమలు, అరికాలు కూడా ఒకసారి కళ్ళతో చూడండి.

పరీక్షలో స్పర్శ లేదని తేలినవాళ్ళకు, ఇదివరకు కాలికి పుండు పడి మానినవాళ్ళకు, వేలో కాలో పోయినవాళ్ళకు చెప్పులేసుకోమని మీ నోటితో చెప్పండి. ఈ ఉత్తరంలో నేను అడిగే పెద్ద కోరిక ఇదే. డాక్టరు రాసిన చీటీ చూపించి అనుమతి తెచ్చుకోమని వాళ్ళ మీదే వదిలేయకండి. నలుగురు స్వాముల మధ్య తానొక్కడే చెప్పులతో నడవాలంటే మనిషికి నామోషీ. ఆ నామోషీ పోవాలంటే మాల వేసేటప్పుడే, అందరూ వింటుండగా, "ఈ స్వామికి చెప్పులు నా ఆజ్ఞ" అని మీరు అనాలి. కాలికి పుండు ఉండగానే మాల వేయమని వచ్చినవాళ్ళకు మాత్రం ఈ ఏడు వద్దని చెప్పండి. ఇందులో నాకు మొహమాటం లేదు. పుండు మానాక వచ్చే ఏడు వేసుకోవచ్చు.

నియమం తప్పుతుందంటారని తెలుసు. కానీ మండలం పూర్తిగా చేయలేనివాళ్ళకు అర్ధమండలం ఇస్తున్నారు. పసిపిల్లల్ని భుజానెత్తుకుని తీసుకెళ్తున్నారు. పంబ దగ్గర నడవలేనివాళ్ళకు డోలీ ఉంది. వీటిలో దేన్నీ ఎవరూ అపచారం అనలేదు. పాదరక్షే అపవిత్రమైతే భరతుడు అన్నగారి పాదుకలను తలమీద పెట్టుకుని తెచ్చి సింహాసనం మీద ఎందుకు పెట్టినట్టు? తోలు కదా అనే అభ్యంతరం ఉంటే దానికీ దారి ఉంది. స్పర్శ లేని పాదాలకు మంచివి ఎంసీఆర్ చెప్పులు. మైక్రోసెల్యులార్ రబ్బరుతో చేసిన మెత్తటి అట్ట, కింద గట్టి అడుగు, వెనక పట్టీ ఉంటాయి. పైపట్టీలు రెగ్జిన్‌తో చేయించుకుంటే తోలు అంటదు.

ఆ చెప్పుల వెనక పెద్ద కథే ఉంది. 1946లో వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీకి (సీఎంసీ) వచ్చిన సర్జన్ పాల్ బ్రాండ్ కుష్టు రోగుల చేతులు, కాళ్ళ మీద పనిచేశారు. వాళ్ళ వేళ్ళు, పాదాలు అరిగిపోయేది రోగం కండను తినేయడం వల్ల కాదు, నొప్పి తెలియక దెబ్బలు తగిలించుకోవడం వల్లనేనని ఆయన గట్టిగా చూపించారు. తర్వాత అమెరికా వెళ్ళి అదే పాఠాన్ని షుగరు పాదాలకు వర్తింపజేశారు. ఇక్కడ కుష్టు రోగులకు సర్కారు ఎంసీఆర్ చెప్పులు ఉచితంగా ఇస్తుంది. అందుకే కాబోలు, వాటిని చూస్తే జనం మొహం తిప్పుకుంటారు. షుగరున్న ఒకాయన "అవి వేసుకుంటే నాకు కుష్టనుకుంటారు సిస్టర్" అని నాతో అన్నారు. మీ పీఠంలో నలుగురు వేసుకుంటే ఆ మాట దానంతటదే పోతుంది. బజారులో దొరికే పలచటి హవాయి చెప్పు చాలదు, మేకు దాన్లోంచి దిగిపోతుంది. ఉట్టి మేజోళ్ళూ చాలవు. స్పర్శ పోయినవాళ్ళు ఇంటా బయటా వట్టి కాళ్ళతో గానీ, మేజోళ్ళతో మాత్రమే గానీ, పలచటి చెప్పులతో గానీ నడవకూడదని షుగరు పాదాలపై పనిచేసే అంతర్జాతీయ నిపుణుల బృందం 2023లో ఇచ్చిన సూచనల్లో స్పష్టంగా ఉంది. చెప్పు లోపల తెల్ల మేజోళ్ళు వేసుకుంటే మంచిదే. రక్తం గానీ చీము గానీ అంటితే మరక కనిపిస్తుంది. సన్నిధానం ముందు విప్పక తప్పని ఆ కాసేపు నేల చల్లగా, శుభ్రంగా ఉందో లేదో తోటి స్వామి ముందు చూడాలి.

మన డెల్టాలో దీక్షాకాలం కోతల కాలం కూడా. కోసిన చేలో వరి కొయ్యలు నిలబడి ఉంటాయి, గట్ల మీద ముళ్ళు, కాలవ రేవుల్లో నత్తగుల్లలు, గాజుపెంకులు. మాలలో ఉండి కూడా పొలం పని, రొయ్యల చెరువు పని, కొబ్బరి దింపు, వలుపు మానలేనివాళ్ళే ఎక్కువ. వాళ్ళకు నా సలహా ఒక్కటే. స్వాములు ఇద్దరిద్దరు జతకట్టి, సాయంత్రం పూజకు ముందు ఒకరి అరికాళ్ళు ఒకరు చూసుకోవాలి. షుగరున్నవాళ్ళలో చాలామందికి చూపు కూడా మందగించి ఉంటుంది, నడుం వంగదు, తమ అరికాలు తాము చూసుకోలేరు. తెల్లవారుజామున చన్నీళ్ళ స్నానం చేశాక వేళ్ళ సందులు పొడిగుడ్డతో తుడవాలి, తడి నిలిచి నానితే అక్కడ ఫంగస్ పట్టి చర్మం చిట్లుతుంది. మడమలకు కొబ్బరినూనె రాయొచ్చు గానీ వేళ్ళ మధ్య రాయకూడదు. చలికి, నొప్పులకు వేడినీళ్ళలో కాళ్ళు పెట్టడం, వేడి ఇటుకతో కాపడం పెట్టడం వద్దే వద్దు. స్పర్శ లేని కాలు కాలిపోతున్నా తెలియదు. బొబ్బలెక్కి తోలు ఊడి వచ్చిన కాళ్ళు చూశాను. అన్నీ ఇంట్లోవాళ్ళు ప్రేమగా పెట్టిన కాపడాలే.

గాయమైతే పసుపు, బూడిద, కాఫీపొడి, టూత్‌పేస్టు, చుట్ట పొడి ఏదీ పెట్టొద్దు. శుభ్రమైన నీళ్ళతో కడిగి, పొడి గాజుగుడ్డ కట్టి, అదేరోజు డాక్టరుకు చూపించాలి. బొబ్బను గిల్లకూడదు. ఎరుపు పైకి పాకుతున్నా, వాసన వచ్చినా, వేలు నల్లబడినా, జ్వరం తగిలినా ఆ రాత్రే ఆసుపత్రికి చేర్చండి. మర్నాడు పడిపూజ ఉందని ఆగకండి.

మందుల సంగతి కూడా మీరే చెప్పాలి. దీక్షలో మాత్ర వేసుకోకూడదనుకుని మానేసేవాళ్ళున్నారు. ఒంటిపూట భిక్ష చేస్తూ పాత మోతాదే వేసుకునేవాళ్ళూ ఉన్నారు. గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలు, ఇన్సులిన్ తీసుకుంటూ తిండి తగ్గిస్తే షుగరు ఒక్కసారిగా పడిపోతుంది. చెమటలు పట్టి, వణికి, మాట తడబడితే వెంటనే పంచదార నీళ్ళు ఇవ్వాలి. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. మాల వేసే ముందే డాక్టరును అడిగి మోతాదు మార్పించుకు రమ్మని చెప్పండి. ఇంకోవైపు, దీక్ష పుణ్యమా అని సిగరెట్టు, చుట్ట, తాగుడు మానేసినవాళ్ళ కాళ్ళకు అంతకన్నా మేలు చేసేది లేదు. మాల తీసిన రోజునే అగ్గిపెట్టె తీయకుండా ఉంటే బాగుణ్ణు, అది మీ చేతుల్లోనూ లేదు, నా చేతుల్లోనూ లేదు.

యాత్ర బస్సుల్లో ముందు సీట్లో ఇంజను పక్కన కూర్చున్న స్వామి పాదం ఆ వేడికి కాలినా తెలియదు. షుగరున్నవాళ్ళను అక్కడ కూర్చోబెట్టకండి. అడవిలో నడిచే పెద్దపాదం దారిని స్పర్శ లేనివాళ్ళకు ఖచ్చితంగా వద్దనండి. పంబ నుంచి కొండెక్కేవాళ్ళు కూడా మధ్యమధ్య ఆగి పాదాలు చూసుకోవాలి. ఎక్కడైనా నిప్పులగుండం పెడితే షుగరున్నవాళ్ళను దించకండి. భవానీ మాల వేసి బెజవాడ నడిచేవాళ్ళకు, గుణదల మేరీమాత దగ్గరికి నడిచేవాళ్ళకు కూడా ఇదంతా వర్తిస్తుంది. ఎవరి గురువులు వాళ్ళకు చెబితే మంచిది.

ఆలయ కమిటీల పెద్దలకు వేరుగా ఒక మాట. వాడపల్లి వెంకన్న దగ్గర ఏడు శనివారాల మొక్కుకు ఏడాది పొడుగునా జనం ప్రదక్షిణలు చేస్తారు. ఏ గుడైనా సరే, ఎండాకాలం మధ్యాహ్నం రాతిపరుపు మీద మామూలు కాళ్ళే కాలతాయి. తెలియని కాళ్ళు బొబ్బలెక్కినా ఆగవు. ప్రదక్షిణ దారి పొడుగునా చలవ రంగు వేయించండి, కొబ్బరిపీచు పట్టాలు పరిచి తడపండి. పీచు మన కోనసీమలోనే కదా తయారయ్యేది. చెప్పుల స్టాండు గుడికి ఎంత దూరంగా పెడితే అంత దూరం జనం రోడ్డు మీద వట్టి కాళ్ళతో నడుస్తారు, దాన్ని దగ్గరికి జరపండి. 2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి. ఘాట్ల పనులు చూసే అధికారులతో మీకు మాటలు జరుగుతాయి కాబట్టి, షుగరున్నవాళ్ళు రేవు మెట్ల దాకా చెప్పులతో వచ్చి అక్కడ విప్పుకునే ఏర్పాటు ఇప్పుడే అడగండి.

ఈ కార్తీకంలో మాలధారణ రోజున మీ పీఠంలో ఒక బల్ల, రెండు కుర్చీలు, మంచి వెలుతురు ఉంటే చాలు. ఊరి ఏఎన్ఎంనో, కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్‌నో ముందుగా చెప్పి పిలవండి, షుగరు పరీక్ష వాళ్ళు చేస్తారు. వేళ్ళ పరీక్ష మీకు, మీ దగ్గరుండే ఇద్దరు స్వాములకు నేనొచ్చి నేర్పిస్తాను. కొత్తపేట, రావులపాలెం చుట్టుపక్కల ఏ పీఠమైనా సరే. ఆదివారాలైతే మా ఆయన బండి మీద దింపుతారు, మిగతా రోజుల్లో బస్సుకు వస్తాను, మధ్యాహ్నం భిక్ష వేళకు ముందు పిలిస్తే మంచిది.

స్వామియే శరణం అయ్యప్ప.

ఇట్లు,
కోనసీమ నుంచి ఒక రిటైర్డ్ స్టాఫ్ నర్సు